బ్యాటరీ నీళ్లు తాగినవాళ్లం

“మనిషికి ఎంత వేడి హాయిగా ఉంటుందో లిథియం బ్యాటరీకీ అంతే హాయి” అని ట్రైనింగు ఇచ్చిన ఇంజనీరు మొదటి రోజే చెప్పాడు. ఇరవై అయిదు డిగ్రీలకు కాస్త అటూ ఇటూ ఉండాలట. అంతకు మించితే దాని ఆయుష్షు తగ్గుతుందట. మరీ మీరితే ఒక సెల్లు అంటుకుని పక్క సెల్లును అంటిస్తుందట. మేము పద్నాలుగు మందిమి రేకుల షెడ్డు కింద కూర్చుని ఈ పాఠం విన్నాం. ఆ షెడ్డుకు ఫ్యాను లేదు. ఆయన ఒక్కసారి కూడా మా మొహాల వైపు చూసి తను ఏమన్నాడో ఆలోచించుకోలేదు. ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే నాకు ఒళ్లు మండుతుంది.

అది గల్ఫ్‌లో, ఊళ్లకు దూరంగా ఎడారిలో వేసిన బ్యాటరీ యార్డు. పగలు సోలారు పలకల నుంచి వచ్చే కరెంటును దాచిపెట్టి పొద్దుగూకాక వాడుకోవడానికి కట్టారు. వరసగా తెల్లటి కంటైనర్లు, వాటిలో బీరువాల్లాంటి రాకులు, రాకుల నిండా బ్యాటరీలు. పాతరకం కంటైనర్లను ఫ్యాన్లతో, ఏసీ గాలితో చల్లబరిచేవాళ్లట. గాలి చాలడం లేదని నీళ్ల పద్ధతి తెచ్చారు. ప్రతి బ్యాటరీ పెట్టె కింద ఒక అల్యూమినియం పలక ఉంటుంది. పలక కడుపులో సన్నటి కాలువలు. పంపు ఆ కాలువల్లోకి చల్లటి నీళ్లు తోస్తుంది. అవి బ్యాటరీ వేడిని తీసుకుని బయటికొస్తాయి. బయట ఉన్న మిషను వాటిని మళ్లీ చల్లార్చి లోపలికి పంపుతుంది. ఇరవై నాలుగ్గంటలూ ఇదే తిరుగుడు.

నీళ్లంటే మన బోరు నీళ్లు కావు. ఉప్పు, సున్నం అన్నీ తీసేసిన శుద్ధమైన నీళ్లు. ఉప్పుంటే నీళ్లలో కరెంటు పారుతుంది, సున్నముంటే కాలువలు పూడుకుపోతాయి. వాటిలో గ్లైకాల్ అనే మందు సగానికి సగం కలిపి పలకల్లోకి ఎక్కిస్తారు. మందు విషం, దాని డ్రమ్ములు వేరు. శుద్ధమైన నీళ్ల డ్రమ్ములు వేరు. రెండూ ఏసీ పెట్టిన స్టోరు గదిలో ఉండేవి. కలపడం, ఎక్కించడం, పైపుల్లో గాలి తీయడం, ఫిల్టర్లు కడగడం మా పని.

నాకీ సంగతి పూర్తిగా కొత్తేమీ కాదు. మా తాత వరకు తాళ్లెక్కి కల్లు గీసిన ఇల్లు మాది. నాన్న చెట్టు మీంచి పడి నడుము దెబ్బతిన్నాక ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీలో సీజను కూలీగా పంపుల దగ్గర చేరాడు. నేనూ ఆయన పక్కన రెండు సీజన్లు చేశాను. రసం మరిగించేచోట వేడెక్కిన నీళ్లను మడుగులోకి తెచ్చి పైకి చిమ్మి చల్లార్చేవాళ్లు. నాన్న, నీళ్లు పోయే పైపు మీద ఒక చెయ్యి, తిరిగి వచ్చే పైపు మీద ఒక చెయ్యి పెట్టి చూసేవాడు. “నీళ్లు వేడిని మింగయి కొడుకా, మోస్తయి. అచ్చే పైపు వెచ్చగుంటెనే నీళ్లు పని చేసినట్టు. సల్లగుందని మురిసినవా, కొంప మునిగినట్టే” అనేవాడు. తర్వాత ఫ్యాక్టరీ మూతపడింది. చెరుకు పోయింది, పని పోయింది. కోరుట్లలో ఏజెంటు ఆఫీసు ముందు నిలబడితే మా మండలమంతా అక్కడే కనిపించేది.

యార్డు క్యాంపులో నా పక్క మంచం రుద్రంగి ఊరాయనది, నేను అన్నా అని పిలిచేవాణ్ని. నాకంటే పదేళ్లు పెద్ద. వాళ్లదీ కల్లు గీసిన ఇల్లే, గల్ఫ్‌కు రాకముందు దాకా స్వయంగా మోకు కట్టుకుని తాళ్లెక్కినవాడు. తక్కువ మాట్లాడేవాడు, మాట్లాడితే నవ్వించేవాడు. మాకు తాగడానికి ఒక నల్ల ప్లాస్టిక్ ట్యాంకు పెట్టారు. ఎక్కడ? ఎండలో. మధ్యాహ్నం నల్లా తిప్పితే నేరుగా చాయపత్తి వేసుకోవచ్చు. “పాలు తెస్తే అయిపాయె” అనేవాడు అన్న.

ఒకరోజు మధ్యాహ్నం ఫిల్టరు కడుగుతుంటే నాకు చెమట ఆగిపోయింది. చెమట కారడం కాదు, ఆగడమే ప్రమాదమని తర్వాత తెలిసింది. కళ్లు బైర్లు కమ్మాయి, దూపతో నాలుక పిడచకట్టింది. అన్న నన్ను కంటైనరు నీడలోకి ఈడ్చి పడేశాడు. ట్యాంకు దగ్గరికి పోలేదు. స్టోరులోకి పరుగెత్తాడు. శుద్ధమైన నీళ్ల డ్రమ్ములోంచి క్యాను నిండా తెచ్చి సగం నెత్తిన పోశాడు, సగం తాగించాడు. ఉప్పూ లేదు, రుచీ లేదు, సప్పటి నీళ్లు. కానీ చల్లటి నీళ్లు. ఆ నీళ్లతోనే బతికాను. ఇది ముందే చెబుతున్నాను, ఎందుకంటే నా తర్వాతి సంగతి విన్నాక ఎవరికైనా నా మీద జాలి కలిగితే ఈ మాట గుర్తుంచుకోవాలి. ఆ డ్రమ్ము మూత మొదటిసారి తెరుచుకుంది నా కోసం.

డ్రమ్ము మీద స్టోరువాడు మార్కరుతో గీత గీసేవాడు. నీళ్లు గీత కంటే దిగితే తెలిసిపోతుంది. అన్న ట్యాంకులోంచి మామూలు నీళ్లు తెచ్చి గీత దాకా పోశాడు. నేను భయపడ్డాను.

“కల్లుల నీళ్లు కలిపినోళ్లం. నీళ్లల్ల నీళ్లు కలుపుడు మనకొక లెక్కనా తమ్మీ?” అన్నాడు అన్న. ఎన్నో నెలల తర్వాత ఆ రోజే ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం.

మా ఇళ్లలో అదొక పద్ధతి. తీసినంత పొయ్యాలి, కుండ నిండుగా కనబడాలి. మంది ఎక్కువైతే మజ్జిగ పల్చన అన్నట్టు, తాగేవాళ్లు పెరిగినరోజు కల్లూ పల్చనయ్యేది. తాగేవాళ్లకూ తెలుసు, తిట్టుకుంటూ తాగేవాళ్లు. దాన్ని ఎవరూ దొంగతనం అనలేదు. కాకపోతే ఒక్క కుండ మాత్రం వేరు. పొద్దున దించిన మొదటి కుండ దొర ఉండే గడికి పోవాలి. ఊరికే పోవాలి. అందులో చుక్క నీళ్లు కలపకూడదు. కలిపితే వీపు చిట్లుతుంది. ఏ కుండలో కలపవచ్చో, ఏ కుండలో కలపకూడదో మా తాతకు కళ్లు మూసుకున్నా తెలుసు. ఎడారిలో మా ఇద్దరికీ ఆ తెలివి లేకపోయింది. ఆ డ్రమ్ము గడి కుండ అని మాకు తట్టలేదు. మేము సేవ చేస్తున్న దొర ఆ కంటైనర్లలో ఇరవై అయిదు డిగ్రీల్లో పడుకుని ఉన్నాడని తట్టలేదు.

ఆ ఎండాకాలమంతా తాగాం. తాగింది అన్న ఒక్కడే కాదు. నేనే ఎక్కువసార్లు పోయేవాణ్ని. రోజుకొక సీసా తీసేది, అంతే నీళ్లు పోసేది. అన్న నేర్పిన చేతివాటం నాకు బాగా అబ్బింది.

నాలుగు నెలలకు ఒక కంటైనరులో రాకులు వేడెక్కాయి. విప్పి చూస్తే పలకల కాలువల్లో తెల్లటి పొర. డ్రమ్ముల్లో మీటరు ముంచితే లోపల ఉప్పెంత ఉందో బయటపడింది. మమ్మల్నందరినీ యార్డులో వరసగా నిలబెట్టారు. ఎండలోనే. నీళ్లు ఎవరు తీశారని సూపర్‌వైజరు అడిగాడు. ఎందుకు తీశారని అడగలేదు. ఆ నల్ల ట్యాంకు నీళ్లలో ఒకసారి థర్మామీటరు ముంచి వేడెంతో చూస్తే జవాబు అక్కడే దొరికేది. చూడలేదు. బ్యాటరీ ఒక డిగ్రీ ఎక్కువైతే గంట మోగే యార్డులో మనిషికి గంట లేదు.

అప్పుడు అన్న ఒక అడుగు ముందుకేసి, “నేనే” అన్నాడు. నేను దొంగకు తేలు కుట్టినట్టు నా బూట్ల వైపు చూస్తూ నిలబడ్డాను. బూట్ల మీద సున్నపు మరకలున్నాయి. అవి కూడా నాకు ఇప్పటికీ గుర్తే.

వారంలో అన్నను పంపించేశారు. ఇక ఎన్నడూ ఆ దేశం రాకుండా పాస్‌పోర్టు మీద ముద్ర కొట్టారు. వ్యాను ఎక్కేటప్పుడు నా భుజం తట్టి, “పైలం తమ్మీ” అన్నాడు. జాగ్రత్త అని నాకే చెప్పిపోయాడు. ఇద్దరం పోతే ఎవరికి లాభం, ఒకడైనా మిగలాలి కదా అని నాకు నేను చెప్పుకున్నాను. నాలుగేళ్లు అదే చెప్పుకున్నాను. చెప్పుకుంటూ పని నేర్చుకున్నాను, టెక్నీషియన్నయ్యాను, సర్టిఫికెట్టు తెచ్చుకున్నాను. బ్యాటరీలను ఒక రకం నూనెలో నిలువునా ముంచి చల్లబరిచే కొత్త పద్ధతి వచ్చిందని తెలిస్తే అదీ నేర్చుకున్నాను. ఎంత ముద్దు చేస్తారయ్యా వీటిని అని తిట్టుకుంటూ నేర్చుకున్నాను.

అన్న ఇల్లు చేరకముందే కబురు రుద్రంగి చేరింది. మా క్యాంపులోనే ఎవడో ఫోన్లో వాయిస్ మెసేజి పెట్టాడు. నీళ్లు దొంగతనం చేస్తే వెళ్లగొట్టిండ్రని. మర్నాటికి ఊళ్లో అన్నకు పేరు పడింది, నీళ్లదొంగ. అందరూ కూర్చుని కల్లు తాగే మండువలో అడుగు పెడితే, “అన్న అచ్చిండు, కుండల మీద మూతలు పెట్టుండ్రి” అనేవాళ్లట. అందరూ కల్లులో నీళ్లు కలిపినవాళ్ల మనవళ్లే. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. తాటిచెట్టెక్కినవాడు నీళ్లు తాగితే ఏమంటారో ఆ రోజు తెలిసింది. ఈ సంగతులన్నీ నాకు ఎప్పటికప్పుడు చేరేవి. ఒక్క వాయిస్ నేనూ పెడితే సరిపోయేది. పెట్టలేదు.

నేను తిరిగి వచ్చేసరికి జగిత్యాల నుంచి కోరుట్ల పోయే దారిలో ఒక సోలారు ప్లాంటు పక్కన బ్యాటరీ యార్డు కడుతున్నారు. బ్యాటరీలు ఒక కంపెనీవి, నడిపే కాంట్రాక్టు సిరిసిల్ల వైపు ఒక దొరల కుటుంబం అబ్బాయిది. నా సర్టిఫికెట్టు చూసి సూపర్‌వైజరుగా పెట్టుకున్నాడు. కూలీల్లో సిరిసిల్లలో మగ్గాలు ఆగిపోయి వచ్చినవాళ్లు కొందరు, ఒడిశా నుంచి వచ్చినవాళ్లు కొందరు. ఫిల్టర్లు కడగడానికి, గేటు చూసుకోవడానికి మనిషి కావాలంటే అన్నను అడిగాను. పాపం కడుక్కుందామని అడిగాను, ఉన్నమాట చెబుతున్నా. అన్న మారు మాట్లాడకుండా వచ్చాడు.

రోజూ రుద్రంగి నుంచి తన నీళ్లు తనే తెచ్చుకునేవాడు. అయిదు లీటర్ల క్యాను, దానికి పాత లుంగీ గుడ్డ చుట్టి, తడిపి, గేటు కమ్మికి వేలాడదీసేవాడు. తడి గుడ్డ మీద గాలి తగిలి నీళ్లు చల్లగా ఉండేవి. నీడలో పెట్టుకోవచ్చు కదా అన్నాను.

“గేటుకైతే అందరికి కనవడ్తది తమ్మీ. నేను నా నీళ్లే తాగుతున్ననని ఎరుకుండాలె.”

స్టోరు గది దరిదాపులకు వచ్చేవాడు కాదు. ఫిల్టరు కావాలంటే బయట నిలబడి అడిగేవాడు.

కూలీల కోసం నల్ల ట్యాంకు తెప్పించి పెట్టించింది నేనే. ఎక్కడ పెట్టించానో తెలుసా? ఎండలో. ట్యాంకరు పైపు అక్కడికే అందుతుందని. మొదటిరోజు అన్న దాని చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, “గీ ట్యాంకును నేనెక్కడ్నో చూసిన తమ్మీ” అన్నాడు. పైన గడ్డి కప్పు వేయిద్దాంలే అన్నా అన్నాను. వేయించలేదు. దొరలను తిట్టడం సులభం, గల్ఫ్ సూపర్‌వైజర్లను తిట్టడం ఇంకా సులభం. చేతిలో ఒక తాళంచెవి, మెడలో ఒక కార్డు పడగానే నేనూ అదే ట్యాంకు అదే ఎండలో పెట్టాను. నా మీద నాకున్న కోపం ముందు మిగతా కోపాలన్నీ చిన్నవి.

ఎండలు ముదిరిన రోజుల్లో ఒక కంటైనరులో గొట్టం లీకైంది. నేల తడిసింది, లోపల నీళ్ల మట్టం దిగింది. శుద్ధమైన నీళ్ల డ్రమ్ములు అయిపోయాయి, కొత్తవి రాలేదు. కాంట్రాక్టరుకు ఫోను చేశాను.

“నీళ్లు నీళ్లే గదా. మన బోరు నీళ్లు పోసి నడిపియ్యి” అన్నాడు.

“సార్, మన బోరుల సున్నం ఎక్కువ. పలకలు బందైతయి.”

“నువ్వు సూపర్‌వైజరువా, సైంటిస్టువా? ఒక్కపూట బందయినా నాకు ఫైను పడ్తది. పొయ్యి.”

మా వైపు బోరు నీళ్లు ఎలాంటివో చెప్పాలా? బకెట్టు అంచుకు నెల తిరక్కుండా తెల్లటి పట్టీ కడుతుంది. అవే నీళ్లు ట్యాంకరులోంచి క్యానుతో పట్టి, మందుతో కలిపి నా చేతులతో నేనే పోశాను. అన్న కంటైనరు తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాడు.

“గడి కుండల కలుపుతున్నవు తమ్మీ” అన్నాడు మెల్లగా.

“నీ పని నువ్వు చూస్కో అన్నా” అని అరిచాను. నన్ను బతికించిన మనిషి మీద అరిచాను. అన్న వెనక్కి తిరిగి గేటు దగ్గరికి పోయాడు.

మూడు వారాలు గడిచాయి. ఒక పొద్దున ఆ కంటైనరు ముందు నాన్నలాగే పైపుల మీద చేతులు పెట్టి చూశాను. మిగతా రాకుల నుంచి వచ్చే పైపులు వెచ్చగా ఉన్నాయి. మూడో రాకు పైపు చల్లగా ఉంది. కొత్తవాడెవడైనా సంతోషించేవాడు. నాకు నాన్న మాట గుర్తొచ్చింది. నీళ్లు అందులోంచి రావడమే లేదు. ఫిల్టరు విప్పితే తెల్లటి పెచ్చులు రాలాయి. అన్న ఒక పెచ్చు తీసుకుని వేళ్ల మధ్య నలిపి చూశాడు. కల్లు పులవకుండా కుండ లోపల పూసే సున్నం ఆ వేళ్లకు జీవితమంతా తెలుసు.

“సున్నమే” అన్నాడు. నన్ను తిట్టినా బాగుండేది.

మధ్యాహ్నానికి ఆ రాకు తనంతట తానే ఆగిపోయింది. లోపల ఏదైనా మరీ వేడెక్కితే ఆగిపోయేలా కట్టారు కాబట్టి సరిపోయింది, లేకుంటే మంటలే. పలకలు పాడయ్యాయి. ఎందుకు పాడయ్యాయో రాసి పంపమని బ్యాటరీల కంపెనీ అడిగింది. రెండో రోజు కాంట్రాక్టరు నన్ను సిరిసిల్ల ఆఫీసుకు రమ్మన్నాడు.

ఏసీ గది. నా ముందు చల్లటి నీళ్ల సీసా పెట్టించాడు. పక్కన టైపు చేసిన కాగితం. ఫలానా రుద్రంగి మనిషి తాగడానికి శుద్ధమైన నీళ్లు దొంగిలించి, ఆ స్థానంలో బోరు నీళ్లు నింపాడని, విదేశంలోనూ ఇదే నేరానికి అతన్ని పంపించివేశారని, విచారణలో తేలిందని. కింద సూపర్‌వైజరు సంతకం అని నా కోసం చోటు.

“గాయిన మన నీళ్లు ముట్టడు సార్. తన నీళ్లు తనే తెచ్చుకుంటడు. గేటుకు కడ్తడు” అన్నాను.

“ఆని పేరే నీళ్లదొంగ గద! ఊరంత ఎరుక. కంపెనోళ్లు అడిగినా ఊరోళ్లే సాక్ష్యం చెప్తరు. నువ్వు సంతకం పెట్టు, నీ నౌకరి నీకుంటది.”

ఎంత తేలికో చూడండి. కొత్తగా అబద్ధం కట్టే శ్రమ కూడా లేదు. నాలుగేళ్ల కింద నేను నోరు మూసుకుని తయారు చేసి పెట్టిన దొంగ సిద్ధంగా ఉన్నాడు, తీసి వాడుకోవడమే. అప్పుడు నాకు అర్థమైంది, అన్నకు ఆ పేరు పెట్టింది రుద్రంగి కాదు, ఆ వాయిస్ పెట్టినవాడూ కాదు, నేనే. అంతవరకు నా నోట సార్ తప్ప వేరే మాట రాలేదు. ఆ రోజు వచ్చింది.

“నీళ్లు పోసింది నేను. పొయ్యమన్నది నువ్వు. మీ తాతలకు మా తాతలు నీళ్లు కలపని కల్లు పోసిండ్రు, ఊరికే పోసిండ్రు. నీకు మనుషుల్ని గూడ ఊరికే పొయ్యాల్నా?”

అతను లేచి నిలబడ్డాడు. నేను కాగితం తిరగేసి వెనకవైపు తెలుగులో రాశాను. లీకైన రోజు, ఫోనులో చెప్పిన మాట, బోరు నీళ్లు పోసిన చేతులు ఎవరివో, అన్నీ. నా సంతకం పెట్టి, ఫోటో తీసి, కంపెనీ ఇంజనీరుకు అక్కడే పంపాను. చల్లటి నీళ్ల సీసా ముట్టుకోలేదు. మెట్లు దిగేసరికి నౌకరి పోయిందని ఫోను వచ్చింది.

సిగ్గు లేకుండా చెబుతున్నా, నాకు ఆ రోజు ఛాతీ ఉబ్బింది. సిరిసిల్ల నుంచి రుద్రంగి బస్సులో కూర్చున్నంతసేపూ ఊళ్లో ఏం చెప్పాలో మనసులో వల్లెవేసుకున్నాను. నీళ్లదొంగ అన్నవాళ్ల నోళ్లు మూయిస్తాను, అన్న కళ్లలో నీళ్లు తిరుగుతాయి, ఇద్దరం పాత లెక్కన నవ్వుకుంటాం. ఇంతే నా తెలివి.

సాయంత్రం ఎండ దిగకముందే మండువకు పోయాను. ఏడెనిమిది మంది కూర్చుని తాగుతున్నారు. అన్న ఒక పక్కన బండ మీద ఉన్నాడు. నేను నిలబడి అందరికీ వినబడేటట్టు చెప్పాను. గల్ఫ్‌ల ఆ నీళ్లు మొదలు తీసింది నా పాణం కోసమని. తర్వాత ఎక్కువ తాగింది నేనేనని. పట్టుకున్ననాడు నేను పలకలేదని. ఇక్కడ బోరు నీళ్లు పోసింది కూడా నేనేనని, పొయ్యమన్నది కాంట్రాక్టరని. ఇగ ఎవరన్నా అన్నను ఆ పేరుతో పిలిస్తే ముందు నన్ను పిలవాలని.

ఒకాయన, “గట్లనా?” అని ముంత ఖాళీ చేసి పక్కన పెట్టాడు. ఇంకొకాయన కల్లు ఎట్లుందని పక్కవాణ్ని అడిగాడు. నాలుగేళ్లు నాకు మోయరానిదిగా ఉన్న సంగతి వాళ్లకు ఒక ముంత కల్లు తాగేంతసేపటి ముచ్చట.

అన్న లేచి క్యాను భుజాన వేసుకుని నాతో బస్సు ఆగేచోటు దాకా నడిచాడు. గుడ్డ ఇంకా తడిగానే ఉంది. మూత తీసి నాకు అందించాడు. తాగాను. చల్లగా ఉన్నాయి.

“నౌకరి పోయిందా?” అన్నాడు.

“పోయింది అన్నా.”

“నాది గూడ పోయింది. పొద్దుగాల్నే ఫోన్ చేసి రావద్దన్నరు.”

నేను నా కాగితం గొప్పలో అది ఆలోచించనే లేదు. రోడ్డు వైపు చూశాను.

“మంచి పనే చేసినవు తమ్మీ. కాదంటలేను” అన్నాడు. క్యాను మూత బిగించి, “ఒక్క మాట అడుగుతా?” అన్నాడు.

“అడుగు అన్నా.”

“గా దినం లైన్ల నిలవెట్టినప్పుడు నేను ముందటికి ఒక అడుగేసిన గద. అడుగేసి, నోరు తెరవకముందు జరసేపు ఆగిన. ఎందుకు ఆగిన్నో ఎరికేనా?”

తెలియదన్నాను.

“ఎనక నీ బూట్ల సప్పుడు ఇనవడ్తదని.”

కోరుట్ల బస్సు మలుపు తిరుగుతూ కనిపించింది. అన్న చెయ్యెత్తి దాన్ని ఆపాడు. నేను మెట్టు మీద కాలు పెట్టాక వెనక నుంచి అన్నాడు.

“ఒక్కడు తాగితే దొంగతనమన్నరు తమ్మీ. ఇద్దరం తాగినమంటే దూప అనేటోళ్లు.”